రెండంగుళాల దారం

మల్కాపురంలో తెల్లగుడ్డ ఎంతసేపు తెల్లగా ఉంటుందో
నన్నడగండి.
రాత్రి పంజరాల మీద కప్పిన పాత చీరముక్క
తెల్లారి దులిపితే నల్లపొడి,
వేలికి కాటుకలా.
అందుకే నీళ్లగిన్నెలు రోజుకి మూడుసార్లు కడుగుతాను.
నా మొహం ఒక్కసారే.

కిటికీ పక్కన కుట్టుమిషను,
మిషను పక్కన ఏడు పంజరాలు.
నేను తొక్కితే పిట్టలు మాట్లాడతాయి,
ఆపితే ఆపుతాయి.
జాకెట్టు ఇంకా అవలేదని వచ్చిన సత్యకళ
"పిట్టలకేటైనా కుట్టేస్తన్నావేటే?" అంటుంది.
లేదమ్మా, అవే నన్ను దారం అడుగుతున్నాయి.

మొదటి ఏడు నాకేం తెలీదు.
రీలు చివర మిగిలిన ఎర్రదారం, మూరెడు,
పాపం గూడు కట్టుకుంటుందని ఇచ్చాను.
తెల్లారేసరికి కాలికి చుట్టుకుని, బిగిసి,
కాలు ఎండుపుల్లలా నల్లబడి
మూడోరోజు రాలిపోయింది.
ఆ ఆడపిట్ట ఇప్పటికీ ఉంది,
ఒంటికాలి మీద కొర్రలు ఒలుచుకుంటూ.
ఇప్పుడు ఏ దారమైనా రెండంగుళాలే.
టేపు పెట్టి కొలుస్తాను. నవ్వుకోండి.

కొర్రలు పూర్ణామార్కెట్లో కొంటాను,
సముద్రపు నురుగు మాత్రం కొనను.
పేరుకే నురుగు,
నిజానికి ఏదో చచ్చిన జీవి వెన్నెముక.
ఆదివారం ఒడ్డున ఏరుకొచ్చి
ఉప్పు పోయేదాకా నానబెట్టి, డాబా మీద ఎండేసి
చువ్వల మధ్య గుచ్చుతాను.
ఎర్రముక్కులతో గీరి గీరి తింటాయి.
అంత సముద్రమూ
చొక్కాగుండీ అంత గుడ్డుకి పెంకవుతుంది.

గుడ్డు వెనక ఫోను టార్చి పెట్టి చూస్తే
గులాబీ వెలుగు, లోపల ఒక్క ఎర్రటి పోగు,
సూదికి ఎక్కించబోతూ పెదవుల మధ్య తడిపినంత సన్నం.
కదిలింది.

ఆ జీబ్రా జంటకి అదే తొలికాన్పు.
మగాడికి బుగ్గ మీద నారింజ మచ్చ,
పక్కల చుక్కల చొక్కా,
ఠీవి తప్ప బుద్ధి లేదు.
ఐదింట్లో రెండు గుడ్లు కిందికి తోసేశారు.
మిగిలిన మూడూ చల్లబడుతుంటే
రాత్రి పదిన్నరకి చెంచాతో ఎత్తి
బెంగలీజ్ జంట గూట్లో పెట్టాను.
ఎవరివని వాళ్లడగలేదు.
కాస్త జరిగి కూర్చున్నారు, అంతే.

ఒక్కటే చిట్లింది.
పెరిగింది. అచ్చు కన్నవాడే:
అదే బుగ్గ, అదే చొక్కా.
నోరు తెరిస్తే మాత్రం పెంచినవాడి పాట,
డబ్బాలో గుండీలు కదిపినట్టు.
ఎదుటి పంజరంలోంచి కన్నతండ్రి
తిరనాళ్ల బూరలా కూస్తాడు.
వీడు తల వంచి మర్యాదగా వింటాడు,
మళ్లీ తన గుండీలు తను కదుపుకుంటాడు.

కొనడానికొచ్చిన లోవరాజు చెవొగ్గి
"ఏటిది, ఈడి కూత తేడాగుంది,
యాభై తగ్గించు" అన్నాడు.

నేనప్పుడు పరికిణీ గుడ్డ కొలుస్తున్నాను,
పైకే లెక్కపెడుతూ:
ఎకొ, దుఇ, తిని.

మా అమ్మ తెల్లారకుండానే రొయ్యల షెడ్డుకి పోయేది.
పక్క పోర్షన్లో సేబతి
తన గుంటల్తో పాటే నన్నూ కూర్చోబెట్టి
పఖాళ పెట్టి, వేళ్లు మడిపించి
లెక్క నేర్పింది.
తెలుగులో పోట్లాడతాను, తెలుగులో అప్పడుగుతాను,
గుడ్డ కొలిచినా గుడ్లు లెక్కపెట్టినా
ఆవిడ నోరే నాకొస్తుంది.

"యాభై తగ్గదు" అన్నాను.
కాసేపాగి
"అసలది అమ్మకానికి కాదు."
ఈ నెల అద్దెకి ఆ డబ్బు కావాలి.
ఆ సంగతి లోవరాజుకెందుకు?

రేవులో ఓడ కూసింది.
ఏడు పంజరాలూ ఒక్కసారి మూగపోయాయి.
ముందుగా గొంతు విప్పింది వాడే,
తన కాని పాటతో.
చారి, పాంచ,
కత్తెర ఎక్కడ పెట్టాను?